శీర్షికకు ఐదు రెట్ల బలం ఇస్తే సెర్చ్ ఎందుకు చెడుతుంది?

ఏ సంస్థలోనైనా డాక్యుమెంట్ల సెర్చ్ మీద వచ్చే మొదటి ఫిర్యాదు దాదాపు ఒకేలా ఉంటుంది: "సరిగ్గా ఆ పేరుతోనే ఫైలు ఉంది, వెతికితే మూడో పేజీలో ఎక్కడో కనిపిస్తోంది." దానికి ప్రోగ్రామర్లు చేసే మొదటి వైద్యం కూడా ఒకేలా ఉంటుంది. క్వెరీ (సెర్చ్ ఇంజన్‌కు పంపే ప్రశ్న) కట్టే కోడులో శీర్షిక ఫీల్డు (డాక్యుమెంటులో ఒక భాగం) పేరు పక్కన టోపీ గుర్తు (^) పెట్టి 5 అని రాస్తారు. ఆ అంకే ఆ ఫీల్డు బలం. ఫిర్యాదు వచ్చిన ఫైలు వెంటనే పైకి వస్తుంది. నాలుగు రోజులు తిరక్కముందే ఇంకో విభాగం నుంచి కబురు: నిన్నటిదాకా బాగానే దొరికేది, ఇప్పుడు సంబంధం లేనివన్నీ ముందు వస్తున్నాయి. సరే, సారాంశానికి 3. ఆ తర్వాత ట్యాగులకు 2. కొన్నాళ్లకు ఆ లైను ఇలా తయారవుతుంది:

ఫీల్డులు = శీర్షిక^12.5, సారాంశం^3, ట్యాగులు^2, పాఠం^0.7

ఆ అంకెలు ఎందుకున్నాయో ఎవరూ చెప్పలేరు. తీసేయడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలదు.

ఈ చిక్కంతా ఒక అపోహ దగ్గర మొదలవుతుంది. శీర్షిక పక్కన 5 రాస్తే "పాఠం కన్నా శీర్షిక ఐదు రెట్లు ముఖ్యం" అని చెప్పినట్టే అనుకుంటాం. సెర్చ్ ఇంజన్‌కు అందే సంగతి అది కాదు. "శీర్షిక ఫీల్డులో నువ్వు లెక్కగట్టిన స్కోరు ఎంతైతే అంత, దాన్ని ఐదుతో గుణించు" అన్నదొక్కటే దానికి అర్థమవుతుంది. ఐదుతో గుణించకముందే ఆ స్కోరు ఏ కొలమానంలో ఉందో తెలియనంత వరకు ఆ 5కు విలువ లేదు.

స్కోరు లోపల ఏముంది

సెర్చ్ ఇండెక్స్ అంటే తిరగేసిన పట్టిక. ఏ పదం ఏయే డాక్యుమెంట్లలో ఎన్నిసార్లు వచ్చిందో అందులో ఉంటుంది. మనకు కావలసిన కీలకమైన వివరం ఒకటుంది: ఈ పట్టిక ఫీల్డు ఫీల్డుకూ వేరు. ఎలాస్టిక్‌సెర్చ్, ఓపెన్‌సెర్చ్, సోలర్ అనే మూడు సెర్చ్ వ్యవస్థలకూ పునాది అయిన లూసీన్ లైబ్రరీలో శీర్షికలోని "గడువు" ఒక పదం, పాఠంలోని "గడువు" మరో పదం. రెండింటికీ లెక్కలు విడివిడిగా జరుగుతాయి.

ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న స్కోరు సూత్రం పేరు బీఎం25. లండన్‌లోని సిటీ యూనివర్సిటీలో స్టీఫెన్ రాబర్ట్‌సన్ బృందం ఒకాపి అనే వ్యవస్థ మీద పనిచేస్తూ 1994 నాటికి దీన్ని ఒక రూపానికి తెచ్చింది. లూసీన్, ఎలాస్టిక్‌సెర్చ్ మాత్రం 2016లోనే దీన్ని ముందస్తు సూత్రంగా, అంటే మనం వేరే చెప్పకపోతే వాడేదిగా, పెట్టుకున్నాయి. ఇందులో మూడు లెక్కలు ఉంటాయి.

మొదటిది పదం అరుదుదనం. ఎక్కువ డాక్యుమెంట్లలో కనిపించే పదానికి వేరుచేసే శక్తి తక్కువ అన్న ఆలోచనను కరెన్ స్పార్క్ జోన్స్ 1972లో ప్రతిపాదించారు. ఇప్పటికీ చాలా సెర్చ్ ఇంజన్లు దానిమీదే నడుస్తున్నాయి. లూసీన్‌లో దాని లెక్క ఇది: ఆ పదం లేని డాక్యుమెంట్ల సంఖ్యను ఉన్నవాటి సంఖ్యతో భాగించి (రెండింటికీ ఒక అర కలిపి), 1 చేర్చి, సహజ లాగరిథం తీస్తారు.

రెండోది ఆవృత్తి, అంటే ఒకే డాక్యుమెంటులో ఆ పదం ఎన్నిసార్లు వచ్చిందన్నది. ఇక్కడే బీఎం25 తెలివి కనిపిస్తుంది. సగటు పొడవున్న ఫీల్డులో పదం ఒకసారి వస్తే 1, రెండుసార్లు వస్తే 1.375, పదిసార్లు వస్తే 1.96, వందసార్లు వస్తే 2.17. ఎన్నిసార్లు వచ్చినా 2.2 దాటదు. ఒకే మాటను వందసార్లు వల్లించిన ఫైలుకు పెద్దగా లాభం ఉండదన్నమాట. ఈ వంపు ఎంత త్వరగా చదునవ్వాలో కే1 అనే పరామితి నిర్ణయిస్తుంది. దాని ముందస్తు విలువ 1.2.

మూడోది పొడవు. రెండు పదాల శీర్షికలో ఒక మాట కనిపించడం, రెండు వేల పదాల పాఠంలో కనిపించడం ఒకటి కాదు. ఫీల్డు సగటు పొడవుతో పోల్చి పొడవైనవాటికి కోత వేస్తారు. ఆ కోత తీవ్రత బీ అనే పరామితి చేతిలో ఉంటుంది, ముందస్తు విలువ 0.75. సగటు అన్నది కూడా ఆ ఫీల్డుకే పరిమితం: శీర్షికలను శీర్షికలతో, పాఠాలను పాఠాలతో పోలుస్తారు.

ఒక ప్రశ్న, రెండు ఫైళ్లు

లెక్క వేసి చూస్తే తప్ప ఇది ఒంటబట్టదు. పది వేల డాక్యుమెంట్ల ఇండెక్స్ ఉందనుకుందాం. ఎవరో "సెలవు దరఖాస్తు గడువు" అని వెతికారు. పోటీలో రెండు ఫైళ్లున్నాయి. మొదటి ఫైలు శీర్షిక "సెలవు నిబంధనలు", దాని పాఠంలో ఆ మూడు మాటలూ తలా ఐదేసిసార్లు ఉన్నాయి. రెండో ఫైలు శీర్షిక "టెండరు గడువు", దాని పాఠంలో "గడువు" ఐదుసార్లు ఉంది. సెలవు ఊసు గానీ దరఖాస్తు ఊసు గానీ లేదు. ఏది ముందు రావాలో మనిషినడిగితే క్షణం ఆలోచించడు.

శీర్షికల్లో "సెలవు" 300 ఫైళ్లలో ఉంది, "గడువు" 12 ఫైళ్లలోనే ఉంది. పాఠాల్లో "సెలవు" 2,500 చోట్ల, "దరఖాస్తు" 3,000 చోట్ల, "గడువు" 4,000 చోట్ల ఉన్నాయి. లెక్క సులువు కావడానికి అన్ని ఫీల్డులూ సగటు పొడవే అనుకుందాం.

అరుదుదనం లెక్కిస్తే శీర్షికలో "సెలవు"కు 3.505, "గడువు"కు 6.68 వస్తాయి. పాఠంలో "సెలవు"కు 1.39, "దరఖాస్తు"కు 1.20, "గడువు"కు 0.92. ఒక్క క్షణం ఆగి చూడండి. "గడువు" అనే ఒకే మాట శీర్షికలో కనిపిస్తే 6.68, పాఠంలో కనిపిస్తే 0.92. మనం ఏ బలమూ ఇవ్వకముందే శీర్షికకు ఏడు రెట్ల మొగ్గు ఉంది. అది కూడా ఈ ఒక్క పదానికే. "సెలవు"కు ఆ మొగ్గు రెండున్నర రెట్లే.

పాఠంలో ఐదుసార్లు వచ్చిన పదానికి ఆవృత్తి గుణకం 1.77. దాని ప్రకారం మొదటి ఫైలుకు శీర్షిక నుంచి 3.505, పాఠం నుంచి 6.22, మొత్తం 9.73. రెండో ఫైలుకు శీర్షిక నుంచి 6.68, పాఠం నుంచి 1.63, మొత్తం 8.31. బలాలేమీ లేనప్పుడు సరైన ఫైలే ముందుంది.

ఇప్పుడు శీర్షికకు 5 పెట్టండి. మొదటి ఫైలు 23.75కు చేరుతుంది, రెండోది 35.05కు. టెండరు ఫైలు సెలవు ఫైలును దాటి పోయింది, అదీ పెద్ద తేడాతో. తూకం తిరగబడే చోటు ఎక్కడుందో వెతికితే దాదాపు 1.45 దగ్గర తేలుతుంది. అంటే 5 దాకా అక్కర్లేదు, "పోనీ కొంచెం పెంచుదాం" అని 1.5 పెట్టినా ఈ ప్రశ్న చెడిపోతుంది.

జరిగింది ఇదీ: శీర్షికల్లో "గడువు" అరుదుగా రావడానికి అదేదో గొప్ప మాట కావడం కారణం కాదు. శీర్షికలు పొట్టివి, జనం వాటిలో నామవాచకాలు నాలుగు పెట్టి ఊరుకుంటారు కాబట్టి సాధారణమైన మాటలు కూడా అక్కడ అరుదైపోతాయి. ఆ యాదృచ్ఛికమైన అరుదుదనాన్ని ఐదుతో గుణించాం. పొట్టి ఫీల్డులకు పెద్ద బలాలు ఇచ్చిన ప్రతి ఇండెక్స్‌లోనూ ఈ గొయ్యి ఉంటుంది. ఎవరు ఏ మాటతో వెతికినప్పుడు అందులో పడతారన్నదే తేడా.

కూడికా, గరిష్ఠమా, కలబోతా

పైన చేసింది కూడిక: ప్రతి ఫీల్డు స్కోరూ తీసుకుని కలిపేశాం. ఎలాస్టిక్‌సెర్చ్‌లో బహుళ ఫీల్డుల క్వెరీకి ముందస్తు పద్ధతి మాత్రం కూడిక కాదు, గరిష్ఠం. ఏ ఫీల్డులో ఎక్కువ స్కోరు వచ్చిందో దాన్నే డాక్యుమెంటు స్కోరుగా తీసుకుంటుంది. బలాలు లేకుండా చూస్తే మన మొదటి ఫైలుకు 6.22, రెండోదానికి 6.68. అంటే వెంట్రుకవాసి తేడాతో టెండరు ఫైలు గెలుస్తుంది. గరిష్ఠ పద్ధతికి తోడుగా టై బ్రేకర్ అనే మీట ఒకటి ఉంది. ఓడిన ఫీల్డుల స్కోరులో కొంత భాగాన్ని అది కలుపుతుంది. దాన్ని 0.3కు పెడితే మొదటి ఫైలు 7.27, రెండోది 7.17. మళ్లీ సెలవు ఫైలే పైకి వచ్చింది. ఇలా ఒక్క దశాంశం కదపగానే తారుమారయ్యే ఫలితాన్ని సరిచేశామని అనుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. అసలు లోపం ఎక్కడుందో అక్కడే ఉంది.

గరిష్ఠ పద్ధతికి తగిన చోటు లేకపోలేదు. ప్రశ్నలోని మాటలన్నీ ఒకే ఫీల్డులో కలిసి ఉంటేనే అర్థం ఉండే సందర్భాల్లో అది బాగా పనిచేస్తుంది. ఒకే పాఠాన్ని వేర్వేరు పద్ధతుల్లో ఇండెక్స్ చేసినప్పుడు, ఉదాహరణకు రాసిన రూపం ఒక ఫీల్డులో, ధాతురూపం (ప్రత్యయాలు తీసేసిన పదం) ఇంకో ఫీల్డులో పెట్టుకున్నప్పుడు, కూడిక నయం. ప్రశ్నలోని మాటలు ఫీల్డుల మీదుగా చెదిరి ఉంటే, అంటే రచయిత పేరు ఒక ఫీల్డులో, విషయం ఇంకో ఫీల్డులో ఉంటే, ఈ రెండూ సరిపోవు.

దానికి సరైన మందు రాబర్ట్‌సన్, సరగోసా, టేలర్ 2004లో ప్రచురించిన బీఎం25ఎఫ్. దాని ఆలోచన సూటిగా ఉంటుంది: స్కోర్లు లెక్కించాక కలపొద్దు, లెక్కించకముందే కలపండి. శీర్షికకు 5 బలం ఉందంటే శీర్షికలో ఒకసారి వచ్చిన మాట ఐదుసార్లు వచ్చినట్టు లెక్క. ఫీల్డులన్నిట్లోని ఆవృత్తులను ఇలా బలాలతో గుణించి ఒకటి చేసి, ఆ మొత్తానికి ఒకేసారి బీఎం25 వంపు వేస్తారు. అరుదుదనం కూడా పదానికి ఒకటే ఉంటుంది. లూసీన్ అమలులో, పదం ఏ ఫీల్డులో ఎక్కువ ఫైళ్లలో ఉందో ఆ సంఖ్యనే వాడతారు. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఇది 2021లో, 7.13 వెర్షన్ నుంచి, కంబైన్డ్ ఫీల్డ్స్ అనే క్వెరీగా అందుబాటులో ఉంది.

మన రెండు ఫైళ్లనూ ఇందులో పెడదాం, శీర్షికకు అదే 5 ఉంచి. మొదటి ఫైలులో "సెలవు" శీర్షికవి ఐదు, పాఠానివి ఐదు కలిసి పదిసార్లు వచ్చినట్టు. మిగతా రెండు మాటలు ఐదేసిసార్లు. మొత్తం 6.48. రెండో ఫైలులో "గడువు" పదిసార్లు వచ్చినట్టు, కానీ దాని అరుదుదనం ఇప్పుడు 0.92 మాత్రమే. మొత్తం 1.80. తేడా చూశారా? అదే 5 ఇక్కడ ఎవరినీ ముంచలేదు. బలాన్ని వంపు లోపల వేశాం కాబట్టి అది ఎంత పెరిగినా 2.2 అనే కప్పు కింద ఉండక తప్పదు. "శీర్షిక ఐదు రెట్లు ముఖ్యం" అన్న మన మాటకు దగ్గరగా ఉన్నది ఏదైనా ఉందంటే ఇదే.

దీనికి పరిమితి ఒకటుంది: కలిపే ఫీల్డులన్నీ ఒకే రకం అనలైజరుతో (పాఠాన్ని పదాలుగా విరిచే భాగంతో) ఇండెక్స్ అయి ఉండాలి. ఒకదానిలో ధాతురూపాలు, మరోదానిలో పూర్తి రూపాలు ఉంటే కలబోతకు అర్థం ఉండదు.

బలం వేయకుండానే ఈ ప్రశ్నను చక్కదిద్దే మార్గం ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. మూడు మాటల ప్రశ్నలో కనీసం రెండైనా డాక్యుమెంటులో ఉండాలని షరతు పెడితే టెండరు ఫైలు అసలు పోటీలోకే రాదు. షరతుతో తేలిపోయే పనిని బలాలతో సాధించాలని చూడటం వృథా.

మీట ఎక్కడుంది

అన్ని వ్యవస్థల్లోనూ ఈ బలాలు ఒకే చోట ఉండవు. అది తెలియక పోయిన రాత్రులు ఎన్నో.

ఒకప్పుడు లూసీన్‌లో డాక్యుమెంటును ఇండెక్స్ చేసేటప్పుడే ఫీల్డుకు బలం అంటించే వీలుండేది. ఆ బలాన్ని ఫీల్డు పొడవుతో కలిపి ఒకే ఒక్క బైటులో కుదించి దాచేవారు. 256 విలువల్లోకి రెండు సంగతులను కుక్కితే సున్నితమైన తేడాలు నిలవవు. పైగా బలం మార్చాలంటే మొత్తం మళ్లీ ఇండెక్స్ చేయాలి. 2017లో వచ్చిన 7.0 వెర్షన్‌లో ఆ వీలును తీసేశారు, మంచి పని చేశారు. ఇప్పుడు బలాలు క్వెరీ సమయంలోనే వేస్తాం.

మాంగోడీబీ డేటాబేసు టెక్స్ట్ ఇండెక్స్‌లో మాత్రం బలాలు ఇండెక్స్ నిర్వచనంలోనే ఉంటాయి. చెప్పకపోతే ప్రతి ఫీల్డుకూ 1. మార్చాలంటే ఇండెక్స్ తీసేసి మళ్లీ కట్టాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు మధ్యే మార్గం పట్టింది: ఇండెక్స్ చేసేటప్పుడు పదాలకు ఏ, బీ, సీ, డీ అనే ముద్రలు వేస్తాం, ఆ ముద్రల విలువ ఎంతన్నది క్వెరీలో చెబుతాం. ముందస్తు విలువలు ఏకు 1.0, బీకి 0.4, సీకి 0.2, డీకి 0.1. పోస్ట్‌గ్రెస్ సొంత ర్యాంకు ఫంక్షన్లు పదం అరుదుదనాన్ని అసలు పట్టించుకోవు. అందుకని పైన చెప్పిన "గడువు" గొయ్యి అక్కడ లేదు. దానికి బదులు, అన్ని ఫైళ్లలోనూ ఉండే ఊతపదానికీ అసలు మాటకూ ఒకే విలువ దక్కుతుంది. ఎస్‌క్యూలైట్ డేటాబేసులోని సెర్చ్ విభాగమైన ఎఫ్‌టీఎస్5లో బీఎం25 ఫంక్షన్‌కు నిలువు వరసల క్రమంలో బలాలు ఇస్తాం. అది ఇచ్చే స్కోరు రుణాత్మకం, ఎంత తక్కువైతే అంత మెరుగు. అవరోహణ క్రమం పెట్టి ఫలితాలు తలకిందులుగా వస్తున్నాయని జుట్టు పీక్కునేవాళ్లకు ఈ ఒక్క వాక్యం చాలు. అజూర్ ఏఐ సెర్చ్‌లో బలాలను స్కోరింగ్ ప్రొఫైల్ పేరుతో ఇండెక్స్ నిర్వచనంలో దాచి, క్వెరీలో ఆ పేరు పిలుస్తాం. ప్రొఫైల్ మార్చినా ఇండెక్స్ తిరిగి కట్టక్కర్లేదు.

ఎక్కడైనా సరే, ఒకటికన్నా తక్కువ బలం ఇస్తే అది శిక్ష కాదు. కూడిక పద్ధతిలో 0.5 ఇచ్చిన ఫీల్డు కూడా స్కోరుకు ఏదో ఒకటి కలుపుతూనే ఉంటుంది. డాక్యుమెంటును నిజంగా కిందికి నెట్టాలంటే అందుకు వేరే క్వెరీలున్నాయి.

బలం కన్నా ముందు చూడవలసినవి

ఫలితాలు బాగాలేవనగానే బలాల దగ్గరికి పరుగెత్తడం అలవాటైపోయింది. నా లెక్కలో అది చివరి మెట్టు. మొదట చూడవలసింది పదాలు ఎలా విరుగుతున్నాయన్నది. తెలుగు పాఠాన్ని ఏ ధాతురూపీకరణా లేకుండా ఇండెక్స్ చేస్తే "సెలవు", "సెలవులు", "సెలవుల", "సెలవుకు" నాలుగూ నాలుగు వేర్వేరు పదాలు. "సెలవు" అని వెతికినవారికి "సెలవుల నిబంధనలు" అన్న శీర్షిక అసలు తగలదు. తగలని ఫీల్డును ఐదుతో గుణించినా యాభైతో గుణించినా సున్నాయే. పైగా ఒక మాట నాలుగు రూపాలుగా చీలితే ప్రతి రూపమూ విడిగా అరుదైపోతుంది, దాంతో అరుదుదనం లెక్క కూడా వక్రిస్తుంది.

తర్వాత ప్రతి ఫీల్డు స్వభావం. ట్యాగుల ఫీల్డులో పొడవు కోతకు అర్థం లేదు. రెండు ట్యాగులున్న ఫైలు ఎనిమిది ట్యాగులున్న ఫైలు కన్నా ఎక్కువ సంబంధమున్నదేమీ కాదు, దానికి ట్యాగులు పెట్టినవాళ్లు బద్ధకస్తులు కావచ్చు. అక్కడ పొడవు నమోదును ఆపేయాలి. శీర్షికకు బీ విలువను తగ్గించి చూడటం తరచుగా మేలు చేస్తుంది. ఉత్తర్వు సంఖ్య, ఫైలు సంఖ్య వంటివాటిని పాఠంలా విరగ్గొట్టకుండా యథాతథంగా ఉంచి, సరిగ్గా కలిస్తే స్థిరమైన పెద్ద స్కోరు ఇవ్వాలి. సంఖ్య టైపు చేసిన మనిషికి కావలసింది ఆ ఒక్క ఫైలే. అరుదుదనం, ఆవృత్తి అక్కడ అనవసరం.

పాఠంతో సంబంధం లేని సంకేతాలు ఇంకో మెట్టు: తేదీ, ఎంతమంది తెరిచారన్న లెక్క. ఇవి ఏ స్థాయిలో ఉంటాయో చూడకుండా స్కోరుతో గుణిస్తే ఘోరాలు జరుగుతాయి. 10 సార్లు తెరిచిన ఫైలుకూ లక్షసార్లు తెరిచిన ఫైలుకూ తేడా పది వేల రెట్లు. పాఠం స్కోర్ల మధ్య తేడా మహా అయితే పదో ఇరవయ్యో రెట్లు. నేరుగా గుణిస్తే ఏ ప్రశ్న అడిగినా అవే జనాదరణ ఫైళ్లు వస్తాయి. ఒకటి కలిపి పది ఆధారంగా లాగరిథం తీస్తే అవే అంకెలు 1.04, 5.0 అవుతాయి, అప్పుడు కాస్త పద్ధతిగా ఉంటుంది. తాజాదనానికి కాలంతో పాటు మెల్లగా తగ్గే వంపు వాడతారు. రద్దయిన ఉత్తర్వులను కిందికి నెట్టడానికి మాత్రం తేదీని వాడకూడదని నా అభిప్రాయం. పాతదైనా అమల్లో ఉన్న నియమం ఉంటుంది, నిన్న వచ్చి నేడు రద్దయినదీ ఉంటుంది. రద్దయిందన్న సంగతిని ఒక ఫీల్డులో పెట్టి వడకట్టడం కన్నా నికరమైన దారి లేదు.

కొలిచే కోడు

ఇప్పుడు బలాలు. వాటిని కళ్లతో చూసి పెట్టకూడదు, కొలిచి పెట్టాలి. దానికి కావలసిన ముడిసరుకు తీర్పుల పట్టిక. జనం నిజంగా వెతికిన ప్రశ్నలను సెర్చ్ నమోదుల్లోంచి ఏరి, ఒక్కో ప్రశ్నకు వచ్చే ఫైళ్లకు ఆ విషయం తెలిసినవాళ్లతో 0 నుంచి 3 దాకా మార్కులు వేయిస్తాం. తరచుగా వచ్చే ప్రశ్నలే కాకుండా అరుదుగా వచ్చేవీ, పొడవైనవీ కూడా ఉండాలి. ఇది విసుగు పుట్టించే పని. కానీ దీన్ని దాటవేసినవాళ్లు ఆ తర్వాత ఫిర్యాదుల వెంట పరుగెత్తడానికి అంతకన్నా ఎక్కువ కాలం ఖర్చు చేస్తారు.

ఆ పట్టిక చేతికి వచ్చాక ఫలితాల వరసకు ఒక అంకె ఇవ్వాలి. యార్వెలిన్, కెకాలాయినెన్ 2002లో విపులంగా ప్రతిపాదించిన ఎన్‌డీసీజీ కొలత దీనికి బాగా నప్పుతుంది. దీనికి రెండు మూడు రూపాలున్నాయి. వాటిలో సులువైనదాని ప్రకారం ఒక్కో స్థానంలో ఉన్న ఫైలు మార్కును, ఆ స్థానానికి 1 కలిపి తీసిన రెండు ఆధార లాగరిథంతో భాగించి అన్నీ కూడతారు. మంచి ఫైలు ఎంత కిందికి జారితే అంత తక్కువ కలుస్తుంది. వచ్చిన మొత్తాన్ని ఆదర్శమైన వరసకు వచ్చే మొత్తంతో భాగిస్తారు. నాలుగు ఫైళ్ల మార్కులు వరసగా 3, 2, 0, 1 అయితే విలువ 0.985. అవే ఫైళ్లు 0, 3, 2, 1 వరసలో వస్తే 0.698. మొదటి స్థానంలో ఒక్క చెత్త ఫైలు కూర్చుంటే ఎంత నష్టమో ఈ అంకె నిజాయితీగా చెబుతుంది.

ఆపైన కోడు చిన్నదే:

ప్రతి బలాల జట్టుకూ:
　ప్రతి ప్రశ్నకూ:
　　ఫలితాలు = వెతుకు(ప్రశ్న, బలాలు)
　　మార్కు = కొలువు(ఫలితాలు, తీర్పులు[ప్రశ్న])
　సగటు మార్కును నమోదు చెయ్యి

పాఠం బలాన్ని 1 దగ్గర స్థిరంగా ఉంచండి. కూడికలోనైనా గరిష్ఠంలోనైనా అన్ని బలాలనూ ఒకే అంకెతో గుణిస్తే వరస మారదు, నిష్పత్తులే లెక్కలోకి వస్తాయి. స్కోరుకు పక్కనుంచి స్థిరమైన బహుమతి మార్కులు కలుపుతున్నప్పుడు మాత్రం ఈ సూత్రం వర్తించదు. మిగతా ఫీల్డులకు 1, 2, 3, 4 అంటూ పోకుండా 0.5, 1, 2, 4, 8 అని రెట్టింపు చేసుకుంటూ వెళ్లండి. 7కూ 8కీ మధ్య తేడా ఎవరికీ కనిపించదు, 1కీ 2కీ మధ్య కనిపిస్తుంది. తీర్పుల ప్రశ్నల్లో మూడో వంతును పక్కన పెట్టి, వెతుకులాట ముగిశాకే వాటిమీద కొలవండి. వెతికిన ప్రశ్నల మీద మార్కు పెరిగి, దాచిన వాటిమీద తగ్గితే మీరు ప్రశ్నలను బట్టీ పట్టారని అర్థం.

సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. రెండు వందల ప్రశ్నలు రవ్వంత మెరుగై, పది ప్రశ్నలు పూర్తిగా పాడైనా సగటు పెరిగినట్టే కనిపిస్తుంది. ఫోన్లు వచ్చేది మాత్రం ఆ పది ప్రశ్నలవాళ్ల నుంచే. అందుకని ప్రతి మార్పుకూ బాగుపడ్డ ప్రశ్నల జాబితా, చెడిన ప్రశ్నల జాబితా విడిగా తీసి చూడాలి. చెడినవాటికి ఎలాస్టిక్‌సెర్చ్‌లోని ఎక్స్‌ప్లెయిన్ సదుపాయాన్ని నడిపితే స్కోరును అట్టడుగు దాకా విప్పి చూపిస్తుంది: ఏ ఫీల్డులో ఏ పదానికి అరుదుదనం ఎంత, ఆవృత్తి గుణకం ఎంత, బలం ఎంత. మీరు ఏ బలమూ ఇవ్వకపోయినా అక్కడ బలం 2.2 అని కనిపిస్తే కంగారు పడకండి. అది కే1కు ఒకటి కలిపిన విలువ, సూత్రంలో భాగమే. "గడువు" వంటి గోతులు బయటపడేది ఇక్కడే. మొత్తం స్కోరులో ముప్పాతిక భాగం ఒక్క పదం నుంచే వస్తోందంటే అనుమానించాలి.

బలాలను కోడులో అక్కడక్కడా చల్లకుండా ఒకే ఫైలులో పెట్టి, పక్కనే ప్రతి అంకెకూ కారణం, అది పెట్టిన నాటి మార్కు రాసుకుంటే, మార్పు వచ్చినప్పుడల్లా తీర్పుల పరీక్ష దానంతటదే నడిచేలా చూసుకోవచ్చు. ఆ పరీక్ష పెట్టేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. లూసీన్ మీద నడిచే వ్యవస్థలు ఇండెక్స్‌ను ముక్కలుగా, అంటే షార్డులుగా విడగొడతాయి. అరుదుదనం ముందస్తుగా ఏ ముక్కకు ఆ ముక్కలోనే లెక్కవుతుంది. లక్షల డాక్యుమెంట్లున్నప్పుడు ముక్కల మధ్య తేడా పెద్దగా ఉండదు. పరీక్ష కోసం రెండు మూడు వందల ఫైళ్లను ఐదు ముక్కల్లో వేస్తే మాత్రం, ఒక ముక్కలో "గడువు" ఒక్క ఫైలులో, మరో ముక్కలో పది ఫైళ్లలో ఉండి, అచ్చంగా ఒకే రకం ఫైళ్లకు వేర్వేరు స్కోర్లు వస్తాయి. పరీక్ష ఇండెక్స్‌ను ఒకే ముక్కగా కట్టండి, లేదా అన్ని ముక్కల లెక్కలనూ ముందుగా పోగుచేసి ఆ తర్వాత వెతికే పద్ధతిని క్వెరీలో అడగండి. తొలగించిన డాక్యుమెంట్లు కూడా లూసీన్ తన భాగాలను విలీనం చేసేదాకా అరుదుదనం లెక్కలో కొనసాగుతాయి. అందుకే ఒకే క్వెరీ ఒక ముక్క అసలు ప్రతి మీద ఒక స్కోరు, ఆ ముక్క నకలు మీద మరో స్కోరు ఇవ్వవచ్చు. పరీక్షలో స్కోరు విలువను సరిపోల్చకుండా వరసను సరిపోల్చాలనడానికి ఇదే కారణం.